నర్సాపురం లేసు బల్లగుడ్డ: గుడికి కప్పు పడకముందే అల్లించుకున్నాం

మా చర్చి మందిరంలో ప్రభువు బల్ల మీద, అంటే ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల మీద పరిచిన లేసు గుడ్డ ఎక్కడ తీసుకున్నారని ప్రతిష్ఠారాధన నాటినుంచి అడుగుతూనే ఉన్నారు. పక్క ఊళ్ల స్త్రీల సమాజాల వాళ్లయితే ఫోన్లు చేసి మరీ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే నయమనిపించింది. ముందు మంచి మాటే చెబుతాను. ఇది కళ్లు మూసుకుని తీసుకోదగ్గ వస్తువు. చిన్న చిన్న లోపాలున్నాయి, అవీ చెబుతాను.

నేను తణుకు దగ్గర కాలవ గట్టున ఉన్న ఓ చిన్న ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. మా సంఘం 2008లో మా అత్తగారి ఇంటి వరండాలో ఐదు కుటుంబాలతో మొదలైంది. చాపలు మేమే వేసుకునేవాళ్లం, మేమే చుట్టేవాళ్లం. 2013లో మూడు సెంట్ల స్థలంలో పునాది వేశాం. 2015కల్లా గోడలు లింటెల్ దాకా లేచాయి. అక్కడ ఆగిపోయింది. డబ్బుల్లేవు. స్తంభాల మీద చువ్వలు తుప్పు పట్టకుండా గోనెసంచులు చుట్టాం, రెండు వానాకాలాలకి ఆ సంచులూ చివికిపోయాయి. గోడల మధ్య వయ్యారిభామ మొక్కలు నడుం ఎత్తు పెరిగేవి. ఈస్టరుకి ముందు పీకేవాళ్లం, క్రిస్మస్‌కి మళ్లీ పీకేవాళ్లం. బస్సులో పోయేవాళ్లు ఆ మొండిగోడలు చూసి ఇదేం కట్టడమని అడుగుతుంటే, గుడి అని చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

మా స్త్రీల సమాజానికి గుప్పెడు బియ్యం అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి పక్కన డబ్బాలో వేయడం. మాకు అత్తల కాలం నుంచి వచ్చిన పద్ధతి ఇది. పద్దెనిమిది ఇళ్లు, ఇంటికి నెలకి రెండు కేజీల దాకా అవుతాయి. అన్నీ స్వర్ణ బియ్యమే. మా పక్కనున్న మార్టేరు పరిశోధనా కేంద్రంలో పుట్టిన వంగడమే కదా, మా చేలన్నీ అవే. నెలాఖరున కొలిచి, కేజీ నలభై చొప్పున అమ్మి, పుస్తకంలో రాస్తాను. ఆరు నెలల బియ్యం డబ్బుతో ఏం చేద్దామన్నప్పుడు, ప్రభువు బల్లకి ఒక మంచి గుడ్డ చేయిద్దామని మాలో పెద్దావిడ ఒకామె అన్నది. అప్పటికి 2023 జూన్. బల్ల లేదు. బల్ల వేసే గుడికి కప్పు లేదు.

మా బావగారు సంఘ పెద్ద. ఆయనకి ఈ మాట నచ్చలేదు. "కప్పులేని గుడికి గుడ్డేంటమ్మా? ఆ డబ్బుతో ఇరవై బస్తాల సిమెంటు వస్తుంది" అన్నారు. ఆయన లెక్క తప్పు కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా ఎనిమిదేళ్లుగా సిమెంటు లెక్కలే వేస్తున్నాం, ఆ లెక్క ఏ ఏడూ తెమలలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి, "బావగారూ, కప్పు వేసేది దేవుడేనని మనమే కదండీ ప్రార్థనలో చెబుతున్నాం. వేస్తాడన్నట్టుగా ఒక్క పనైనా చేద్దామండీ" అన్నాను. ఆయన అవుననలేదు, కాదనలేదు.

ఇక గుడ్డ సంగతి. అంతకుముందు ఒకసారి మోసపోయాం, అది చెప్పకపోతే మీరూ మోసపోతారు. వరండాలో ఆరాధన జరిగే రోజుల్లో టౌన్లో ఒక షాపులో "అసలు నర్సాపురం చేతి లేసు" అని చెబితే ఒక గుడ్డ తెచ్చాం. మూడు ఉతుకులకి అంచు పీచులు పీచులుగా లేచిపోయింది. అది మిషను లేసు. అప్పుడు మాకు తేడా తెలియదు, ఇప్పుడు తెలుసు. చేతిపనిని కనిపెట్టాలంటే ముందు గుడ్డ తిరగేసి చూడండి. క్రోషే సూదితో, అంటే కొక్కెం ఉన్న సూదితో అల్లిన పువ్వులో దారం చివర ఎక్కడో ఒకచోట కుట్ల లోపలికి దోపి ఉంటుంది, వేలితో తడిమితే చిన్న గింజలా తగులుతుంది. తర్వాత రెండు పువ్వులు పక్కపక్కన పెట్టి చూడండి. చేతిపని అయితే కొలత ఒకటే అయినా రేకుల బిగువులో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. మిషనుదైతే అన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటాయి, దారం సన్నగా, జీవం లేకుండా ఉంటుంది, మెరుపు మాత్రం ఎక్కువ. చేతి లేసు చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది.

అందుకని ఈసారి షాపు మాట ఎత్తలేదు. తణుకులో బస్సెక్కి పెనుగొండ, మార్టేరు, పాలకొల్లు మీదుగా నర్సాపురం వెళ్లాం, నేనూ మరో ఇద్దరూ. వెళ్లేముందు కొలత కావాలి కదా. కొలవడానికి బల్ల లేదు. మా మొండిగోడల మధ్య, తూర్పు గోడకి మూడడుగుల ఇవతల, ఇసకలో పుల్లతో బల్ల గీశాం. ఐదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టి చుట్టూ దారం కట్టాం. అన్ని పక్కలా అడుగు చొప్పున వేలాడాలంటే గుడ్డ ఏడడుగులు, నాలుగున్నర అడుగులు కావాలని తేలింది. అంగన్‌వాడీలో పిల్లల ఎత్తు కొలిచే టేపే తీసుకెళ్లాను. తలెత్తితే పైన ఆకాశం, మధ్యాహ్నం ఎండ. కింద ఇసకలో ఆ గీత చూస్తుంటే, బల్ల అక్కడ ఉన్నట్టే అనిపించింది నాకు.

నర్సాపురంలో మాకు పని చేసిపెట్టినావిడ ఇల్లు ఊరికి కొంచెం బయట. యాభై దాటిన మనిషి, పేరు రాయను. నలుగురు ఆడవాళ్లు ఆవిడ అరుగు మీదే కూర్చుని అల్లుతారు. నేను లేసు అల్లడం దగ్గరగా చూడటం అదే మొదటిసారి. ఎడమచేతి చూపుడువేలికి దారం చుట్టి, కుడిచేత్తో కొక్కెం ఉన్న సూది. ముందు ఎనిమిది గొలుసు కుట్లు. వాటిని గుండ్రంగా కలిపితే కందిగింజంత కన్నం. ఆ కన్నంలోంచి నిలువు కుట్లు. ఒక వరస, రెండో వరస, మూడో వరస అయ్యేసరికి రేకులు విచ్చుకున్నాయి. మాట్లాడుతూనే ఉన్నారు, చెయ్యి ఆగదు, చూపు దారం మీద ఉండదు. మా పువ్వు ఆరంగుళాలది, ఒక్కోటి అల్లడానికి మూడు గంటలు. అలాంటివి పొడవుకి పదమూడు, అడ్డానికి ఎనిమిది. మొత్తం 104 పువ్వులు. చుట్టూ మూడంగుళాల అంచు. దారం 20 నంబరు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 40 నంబరుతో చేస్తే ఇంకా నాజూగ్గా ఉంటుంది కానీ ప్రతివారం వాడే గుడ్డకి 20 మేలని ఆవిడే చెప్పింది. ఎక్కువ డబ్బు వచ్చే పని వదులుకుని చెప్పిన సలహా అది.

ఈ పని ఇక్కడికి ఎలా వచ్చిందో గోదావరి జిల్లాల వాళ్లలోనే చాలామందికి తెలియదు. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే రెండు కుటుంబాలు ఓడ దిగి ఈ వైపు వచ్చాయి. వాళ్లు నర్సాపురం చుట్టూ మొదలుపెట్టిన సేవే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయ్యింది. అప్పటికి డొక్కల కరువు వెళ్లి మూడేళ్లే. 1844 ప్రాంతంలో మెక్రే అనే దంపతులు ఇక్కడి ఆడవాళ్లకి లేసు అల్లడం నేర్పారని చెబుతారు. కొందరు ఆడవాళ్లు, ఒక కొక్కెం సూది, ఒక దారపు ఉండ. ఆ తర్వాత ఇది నర్సాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటి పని అయ్యింది, సముద్రాలు దాటి వెళ్లింది. మతం తేడా లేదు, కులం తేడా లేదు. పనిముట్టు మాత్రం ఇప్పటికీ ఆ సూదే. 2024లో నర్సాపురం క్రోషే లేసుకి జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. దాన్ని నేర్పినవాళ్లు ఇదంతా చూడలేదు. వాళ్లు చూసింది ఒకటి రెండు పువ్వులే అయి ఉంటుంది.

మాకు గుడ్డ చేసిపెట్టినావిడ మన మతస్థురాలు కాదు. పెద్ద పని ఒప్పుకున్నప్పుడల్లా మొదటి గొలుసు వేసేముందు నర్సాపురంలోని ఆదికేశవ ఎంబెరుమన్నార్ కోవెల వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటుందట. మా గుడ్డకీ అలాగే పెట్టుకుంది. "మీ దేవుడి పని కదమ్మా, మా దేవుడికి చెప్పే మొదలెడతాను, ఏమనుకోకండి" అంది. ఏమనుకుంటాను? ఆ మాటకి నాకు కళ్లు చెమర్చాయి. వాళ్లలో పనులు వేరువేరుగా ఉంటాయి. పువ్వులు అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపే అతుకుపని చేసేవాళ్లు వేరు. అల్లేవాళ్లు ఎవరింట్లో వాళ్లు పది, ఇరవై అల్లి ఇచ్చేస్తారు. చాలామంది పూర్తయిన గుడ్డని ఎప్పుడూ చూడరట. నాకు అది బాధనిపించి అడిగితే ఆవిడ మామూలుగా అంది: "పువ్వు అల్లేవాళ్లకి గుడ్డ కనపడదమ్మా. అతికేవాళ్లకే కనపడుద్ది." ఇంటికొచ్చేదాకా బస్సులో ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను. పదిహేనేళ్లు వరండాలో చాపలు పరిచినవాళ్లలో ముగ్గురు అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు, మా అత్తగారితో సహా.

ధర మాట. మొత్తం 7,800 రూపాయలు. అందులో దారానికే 1,300. మిగిలిన 6,500 ఐదుగురి చేతికష్టం. నేను లెక్క వేసుకున్నాను. పువ్వులకే మూడొందల గంటలు దాటాయి, అంచుకీ అతుకుపనికీ మరో అరవై గంటలు. గంటకి ఇరవై రూపాయలు కూడా పడలేదు. అందుకే ధర ఎక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది తక్కువ, బాగా తక్కువ. మాతో వచ్చినామె బేరం ఆడబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. దయచేసి మీరూ బేరం ఆడకండి. వీలైతే మధ్యవర్తులు లేకుండా అల్లేవాళ్ల చేతికే డబ్బు అందేలా చూడండి.

సెప్టెంబరు మొదట్లో ఇస్తామన్నది అక్టోబరు మూడో వారానికి చేతికొచ్చింది. ఆలస్యం లోపమే. కారణం అడిగితే, వానాకాలంలో చేతులు చెమ్మగా ఉంటే తెల్లదారం మాసిపోతుంది, అందుకని ముసురు పట్టిన రోజుల్లో అల్లరు అని చెప్పారు. పండక్కో, ప్రతిష్ఠకో కావాలంటే అసలు తేదీకి నెలన్నర ముందుకి జరిపి తేదీ చెప్పండి, అదీ ఎండలు ఉండగానే ఆర్డరివ్వండి.

రెండో లోపం ఒక పువ్వు. ఎడమవైపు కింది మూల నుంచి రెండోది. మిగతా 103 పాలలా తెల్లగా ఉంటే, అది కాస్త మీగడ రంగు. దారం ఉండ మారిందట. ఆవిడే చూపించి, "విప్పి వేరేది వేయమంటారా" అని అడిగింది. వద్దన్నాను. మూడో లోపం నాదో వాళ్లదో తెలియదు. మొదటి ఉతుకులో గుడ్డ పొడవున అంగుళంన్నర కుంచించుకుపోయింది. నూలు దారానికి ఇది తప్పదు. అందుకని ఎవరు చేయించుకున్నా రెండంగుళాలు ఎక్కువ చెప్పండి. మాకు మాత్రం ఇబ్బంది కాలేదు, ఎందుకంటే బల్ల ఇంకా లేదు. ఉతికి ఆరిన గుడ్డని కొలిచి, ఆ కొలతకి తగ్గట్టు తర్వాత వడ్రంగి చేత బల్ల చేయించాం. ముందు గుడ్డ, తర్వాత బల్ల.

గుడ్డ వచ్చిన ఆదివారం ఆరాధన అయ్యాక అందరం మొండిగోడల మధ్యకి వెళ్లాం. నులకమంచం వేసి, దాని మీద ఎర్ర దుప్పటి, దుప్పటి మీద ఈ గుడ్డ పరిచాం. ఎండ నేరుగా పడేసరికి కింద దుప్పటి మీద పువ్వుల నీడలు పడ్డాయి. మా బావగారు మంచం చుట్టూ ఒకసారి తిరిగారు. అంచు వేళ్ల మధ్య పట్టుకుని చూశారు. ఏమీ అనలేదు. మరుసటి వారం సెంట్రింగ్ మేస్త్రిని వెంటబెట్టుకొచ్చి కొలతలు చూపిస్తున్నారని మా అబ్బాయి పరుగెత్తుకొచ్చి చెప్పాడు. ఆయన అమ్ముకున్న కొబ్బరికాయల డబ్బు కొంత, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన మా ఊరి ఆడపిల్లలిద్దరు పంపింది కొంత, మిగిలింది తలా కాస్తా. 2024 జనవరిలో శ్లాబు పడింది. గుడ్డ వల్లే పడిందని నేను చెప్పను. దేవుడు ఎప్పటినుంచో అతుకుతున్నాడు, మాకు అప్పుడు కనపడిందంతే.

శ్లాబుకి ముందు పాస్టరుగారు బైబిల్లో జెకర్యా గ్రంథం నాలుగో అధ్యాయం చదివారు. యెరూషలేములో మందిరం కట్టించిన జెరుబ్బాబెలు చేతులే పునాది వేశాయి, ఆ చేతులే ముగిస్తాయి అన్న భాగం. ఆ మందిరం కూడా పునాది పడ్డాక ఏళ్ల తరబడి ఆగిపోయినదేనని, చిన్నగా మొదలైన రోజుల్ని చులకన చేయొద్దని ఆ మాటలు చెప్పింది అప్పుడేనని వివరించారు. అందులో జెరుబ్బాబెలు చేతిలో గుండునూలు ఉందని వస్తుంది. సరిగ్గా అప్పుడే మా తాపీమేస్త్రి స్తంభం పక్కన గుండునూలు వేలాడదీసి, ఒంటికన్ను మూసి చూస్తున్నాడు. ఆ దారం కదలడం ఆగేదాకా ఎవరూ మాట్లాడలేదు.

2024 డిసెంబరులో ప్రతిష్ఠారాధన జరిగింది. అప్పటిదాకా గుడ్డ మా ఇంట్లో రేకుపెట్టెలో, పాత తెల్లచీరలో చుట్టి, వేపాకు వేసి దాచాను. మడతల దగ్గర దారం నలగకుండా రెండు నెలలకోసారి మడత మార్చాను. మీరూ అలాగే చేయండి, లేదా చుట్టగా చుట్టి పెట్టండి. ఏడాది పైగా పెట్టెలో ఉన్నా మచ్చ పడలేదు, పసుపు తిరగలేదు.

వాడకం మొదలయ్యాక రెండో నెలలోనే పరీక్ష వచ్చింది. ప్రభు భోజనం రోజున ఒక పిల్లాడి మోచెయ్యి తగిలి ద్రాక్షరసం గ్లాసుల పళ్లెం ఒరిగింది. అరచేతి మేర ఎర్రమరక. నా ప్రాణం లేచిపోయింది. ఆరాధన అవగానే మరక మీద చల్లనీళ్లు ధారగా పోశాను, రుద్దలేదు. ఇంటికి తెచ్చి ఉప్పు, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచి, కుంకుడు రసంలో నానబెట్టాను. పిండకూడదు. తువ్వాల్లో చుట్టి అదిమితే నీరు పోతుంది. చాప మీద పరిచి, అంచులు సరిచేసి, గుండుసూదులు గుచ్చి నీడలో ఆరబెట్టాను. మర్నాడు మరక ఉన్నచోట మాత్రం ఎండ తగలనిచ్చాను. రెండో రోజుకి మరక పోయింది. ఎక్కడా దారం తెగలేదు, అతుకు ఊడలేదు. ఇప్పటిదాకా పన్నెండు ఉతుకులు అయ్యాయి. పలచటి గంజి పెడితే రేకులు నిలబడి కనిపిస్తాయి. ఇస్త్రీ మాత్రం తిరగేసి, పైన తడిగుడ్డ వేసి చేయాలి. నేరుగా చేస్తే పువ్వు అణిగిపోతుంది.

మార్కులు వేయమంటే పనితనానికి ఐదుకి ఐదు, మన్నికకి ఐదు, సమయానికి మూడు. కొనాలనుకునేవాళ్లకి నర్సాపురం పక్క సీతారాంపురంలో లేసు పార్కు ఉంది, అక్కడ అడిగినా దారి చూపిస్తారు. చిన్న సంఘాలకి ఒక్కసారే 7,800 కష్టమైతే, ముందు ఒక్క పువ్వుల వరస చేయించుకుని బల్ల మధ్యలో పొడవుగా వేసుకోండి. తర్వాత అవే పువ్వులు కలుపుకుంటూ పోవచ్చు. దారం నంబరు, పువ్వు కొలత రాసి పెట్టుకుంటే చాలు. వీలైతే ఆ దారం ఉండ ఒకటి అదనంగా కొని దాచుకోండి, రంగు తేడా రాకుండా.

మాకింకా కిటికీ రెక్కలు పెట్టలేదు. గాలి వేసినప్పుడు గుడ్డ అంచు లేస్తుంది, నాలుగు మూలలా లోపలివైపు చిన్న రాగి బిళ్లలు కుట్టాను. మీగడ రంగు పువ్వు ఉన్న మూల జనం వైపుకే వచ్చేలా పరుస్తాను. ఇప్పుడు ప్రసంగ వేదికకి ఇదే పువ్వుతో గుడ్డ చెప్పాం, ఇరవై నాలుగు పువ్వులు పడతాయట. పోయిన ఆదివారం బియ్యం డబ్బా కొలిస్తే పదకొండు కేజీలున్నాయి.